స్కాండినేవియా చదువు: బెజవాడ సైడు కాలువ నుంచి మాల్మో వాన కాలువ దాకా

ఏటా దసరా దగ్గర పడుతుంటే స్వీడన్, డెన్మార్క్, నార్వేల్లో చదవాలనుకునేవాళ్ల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, ఐఈఎల్‌టీఎస్‌లో ఎంత రావాలి? ఫీజు ఎంత? చలి తట్టుకోగలమా?" అన్నిటికీ జవాబు చెప్తాను, ఇక్కడా చెప్తాను. కానీ ముందు నేనొకటి అడుగుతాను. "అక్కడికి వెళ్లి ఏం తెలుసుకోవాలనుకుంటున్నావు?" సస్టైనబిలిటీ అంటారు, వెల్‌నెస్ అంటారు. అవి కోర్సుల పేర్లు. మీ ఊళ్లో, మీ వీధిలో మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన ఒక సంగతి చెప్పండి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.

మాది విజయవాడ, అజిత్ సింగ్ నగర్. సివిల్ ఇంజినీరింగ్ చేసి నాలుగేళ్లు ఒక ఆఫీసులో డ్రాయింగులు వేశాను. 2022 ఆగస్టు నుంచి 2024 జూన్ వరకు స్వీడన్ దక్షిణాన లుండ్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ అధ్యయనాలు, సుస్థిరత శాస్త్రం మీద రెండేళ్ల మాస్టర్స్ చదివాను. దాన్ని అక్కడ అందరూ లూమెస్ అంటారు. 1997 నుంచి నడుస్తోంది. ఇంజినీర్లే కాదు, కామర్స్ వాళ్లు, లా వాళ్లు, నర్సింగ్ నుంచి వచ్చినవాళ్లు కూడా మా క్లాసులో ఉండేవారు.

ఉత్తరం రాయడం

మొదటిసారి అప్లై చేసినప్పుడు నాకు సీటు రాలేదు. ఆ మోటివేషన్ లెటర్ ఇప్పటికీ నా దగ్గరుంది. భూమి వేడెక్కుతోంది, మన దేశం వేగంగా అభివృద్ధి చెందుతోంది, యువత ముందుకు రావాలి అని రెండు పేజీలు రాశాను. అందులో నేను లేను, మా ఊరు లేదు. మరుసటి ఏడు మా వీధి సైడు కాలువ గురించి రాశాను. అది ఎక్కడ మొదలవుతుంది, ఎవరి ఇంటి ర్యాంపు కింద ఇరుకవుతుంది, గట్టి వాన పడితే ఎంతసేపట్లో నీళ్లు గుమ్మం ఎక్కుతాయి, మా అమ్మ గుమ్మానికి అడ్డంగా ఇటుకలు పేర్చి సిమెంటు పూయించిన సంగతి, వాన వెలిశాక నెల రోజులు వీధిలో పిల్లలకు జ్వరాలు. కాలువ లోతు పెంచితే సరిపోదా, ఇంకేం చేయాలి అన్నది నా ప్రశ్న. ఆ ఉత్తరానికి సీటు వచ్చింది.

అందుకే చెప్తున్నాను. ఉత్తరంలో మూడు సంగతులు ఉండేలా చూసుకోండి. మీరు కళ్లారా చూసిన ఒక సమస్య, దాని మీద మీరు ఇప్పటికే చేసిన చిన్న పని, ఆ కోర్సులో ఏ పాఠం మీకు దాని గురించి పనికొస్తుంది. మూడోది రాయాలంటే కోర్సు సిలబస్ మొత్తం చదవాలి. కన్సల్టెన్సీ వాళ్లు ఇచ్చే నమూనా లెటర్ వాడకండి. చదివేవాళ్లకు రెండు వాక్యాల్లో తెలిసిపోతుంది.

ఏ కోర్సు, ఏ ఊరు

ఈ దేశాలు పర్యావరణం మాట ఇవాళ ఎత్తుకున్నవి కావు. మానవ పర్యావరణం మీద ఐక్యరాజ్యసమితి మొదటి పెద్ద సదస్సు 1972లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలోనే జరిగింది. మన ప్రధాని ఇందిరా గాంధీ అక్కడికి వెళ్లి, పేదరికాన్ని పక్కన పెట్టి పర్యావరణం గురించి మాట్లాడలేమని గట్టిగా చెప్పారు. నార్వేకు ప్రధానిగా పనిచేసిన గ్రో హార్లెమ్ బ్రుంట్‌లాండ్ అధ్యక్షతన వచ్చిన 1987 నివేదిక నుంచే సుస్థిర అభివృద్ధికి ఇప్పుడు అందరూ చెప్పే నిర్వచనం వచ్చింది: రేపటి తరాల అవసరాలకు లోటు రాకుండా ఇవాళ్టి అవసరాలు తీర్చుకోవడం.

కోర్సుల విషయానికొస్తే, స్టాక్‌హోంలో రెసిలియన్స్ సెంటర్ ఉంది, 2007లో పెట్టారు. ప్రకృతి వ్యవస్థలు ఎంతవరకు ఒత్తిడి తట్టుకుంటాయన్నది వాళ్ల పని. స్వీడన్‌లోనే ఉప్సాలాలో సెముస్ అనే కేంద్రంలో కోర్సులను విద్యార్థులే రూపొందించి నడిపిస్తారు. అక్కడే దక్షిణాన కార్ల్‌స్క్రోనాలో సుస్థిరత నాయకత్వం మీద ఏడాది మాస్టర్స్ ఉంది, ఉద్యోగం నుంచి విరామం తీసుకుని వెళ్లేవాళ్లకు నప్పుతుంది. ఆరోగ్యం వైపు మొగ్గు ఉంటే పబ్లిక్ హెల్త్ కోర్సులు చూడండి.

డిగ్రీ అక్కర్లేదు, కొన్ని నెలలు ఉండి చూసి వస్తే చాలనుకునేవాళ్లకు డెన్మార్క్‌లో హొయ్‌స్కోలె అనే బడులున్నాయి. గ్రుంట్‌విగ్ అనే మతాచార్యుడి ఆలోచనలోంచి పుట్టినవి, మొదటిది 1844లో రొడింగ్ అనే ఊళ్లో తెరిచారు. పరీక్షలుండవు, మార్కులుండవు. కలిసి వండుకోవడం, కలిసి శుభ్రం చేసుకోవడం, పాడుకోవడం కూడా చదువులో భాగమే. హెల్సింగోర్‌లో 1921 నుంచి నడుస్తున్న అంతర్జాతీయ బడిలో బోధన ఇంగ్లిష్‌లోనే. కాకపోతే ఆ సర్టిఫికెట్‌తో మన దగ్గర ఉద్యోగం వస్తుందనుకోకండి.

ఫీజు మూడు దేశాల్లోనూ ఉంది. యూరోపియన్ యూనియన్ బయటివాళ్లకు డెన్మార్క్ 2006లో, స్వీడన్ 2011లో, నార్వే 2023లో ఫీజులు పెట్టాయి. నార్వేలో చదువు ఉచితం అని ఎవరైనా చెప్తే అది పాత మాట.

తేదీలు, కాగితాలు

స్వీడన్‌లో అన్ని విశ్వవిద్యాలయాలకూ కలిపి ఒకే పోర్టల్ ఉంది, యూనివర్సిటీ అడ్మిషన్స్ డాట్ ఎస్ఈ. అక్టోబరు మధ్యలో తెరిచి జనవరి మధ్యలో మూసేస్తారు. నాలుగు మాస్టర్స్ కోర్సుల దాకా పెట్టుకోవచ్చు, మీకు ఏది ముందు కావాలో ఆ వరుసలో. వరుస చాలా ముఖ్యం. పై కోర్సులో సీటొస్తే కిందివి వాటంతట అవే రద్దవుతాయి. అప్లికేషన్ ఫీజు స్వీడన్ కరెన్సీలో 900 క్రోనార్లు, మొత్తం మీద ఒక్కసారే. ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం 6.5, ఏ విభాగంలోనూ 5.5కు తగ్గకూడదు. మార్కుల మెమోలు, ప్రొవిజనల్ ఫిబ్రవరి మొదటికల్లా అప్‌లోడ్ అయిపోవాలి. మీ యూనివర్సిటీ నుంచి కన్సాలిడేటెడ్ మెమో తెచ్చుకోవడానికి నెల పడుతుంది, దసరా సెలవులకు ముందే ఆ పని మొదలుపెట్టండి. ఫలితాలు మార్చి చివర్లో, ఏప్రిల్ మొదట్లో వస్తాయి.

స్కాలర్‌షిప్‌కి విడిగా అప్లై చేయాలి. లుండ్‌లో విశ్వవిద్యాలయమే ఇచ్చేది ఒకటుంది, ఫీజులో పావు వంతు నుంచి మొత్తం దాకా మాఫీ చేస్తారు. నాకు సగం వచ్చింది. అది ఫీజుకే గానీ తిండికీ అద్దెకూ కాదు.

సీటొచ్చాక మొదటి విడత ఫీజు కడితేనే రెసిడెన్స్ పర్మిట్‌కి దారి. అక్కడి ఖర్చుకు నెలకు పదివేల క్రోనార్లకు పైగా చొప్పున, పర్మిట్ ఉండే నెలలన్నిటికీ సరిపడా డబ్బు చూపించాలి. ఆ డబ్బు మీ పేరు మీదున్న ఖాతాలో ఉండాలి. నాన్న ఖాతాలో ఉందంటే ఒప్పుకోరు. మా ఇంట్లో ఈ విషయం ఆలస్యంగా తెలిసి రెండు వారాలు టెన్షన్ పడ్డాం.

ఇంకొకటి. పాస్‌పోర్టు గడువు చూసుకోండి. గడువు ఎప్పటిదాకా ఉంటే పర్మిట్ అప్పటిదాకానే ఇస్తారు. ఏడాదికి తక్కువ పర్మిట్ చేతికొస్తే అక్కడి పర్సోన్‌నుమ్మర్ రాదు. అది మన ఆధార్ లాంటి నంబరు. డాక్టరు దగ్గరికి వెళ్లినా, బ్యాంకుకు వెళ్లినా మొదట అడిగేది అదే. మా క్లాస్‌మేట్ ఒకమ్మాయి పాస్‌పోర్టులో పది నెలలే మిగిలి ఉండగా బయల్దేరి, మొదటి ఏడాదంతా ఆ నంబరు లేక ఇబ్బంది పడింది.

గది, పెట్టె

సీటు ఖాయం చేసిన రోజే వసతికి అప్లై చేయండి. లుండ్ చిన్న ఊరు, విద్యార్థులు ఎక్కువ, ఆగస్టులో గదుల కరువు నిజం. సోషల్ మీడియాలో ఫొటోలు చూపించి అడ్వాన్సు అడిగేవాళ్లకు ముందు డబ్బు పంపొద్దు. నా స్నేహితుడు ఒక నెల అద్దె అలా పోగొట్టుకున్నాడు. ఆ చిరునామాకు వెళ్తే అక్కడ వేరే కుటుంబం ఉంది.

పెట్టెలో ఆవకాయ, గోంగూర, కందిపొడి సరే. నెయ్యి, కోవా, మాంసం పచ్చళ్లు వద్దు. పాల పదార్థాలు, మాంసం బయటి నుంచి యూరప్‌లోకి తీసుకెళ్లనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. చలికోట్లు ఇక్కడ కొనొద్దు. అక్కడ సెకండ్ హ్యాండ్ దుకాణాలుంటాయి, రెడ్‌క్రాస్ వాళ్లవి కూడా. నేను వేసుకున్న కోటు నాకంటే ముందు ఎవరో స్వీడిష్ పెద్దావిడది, మోచేతి దగ్గర చక్కగా రఫూ చేసి ఉంది. రెండు శీతాకాలాలు అదే వేసుకుని, వచ్చేముందు అదే దుకాణంలో ఇచ్చేశాను. సైకిల్ కూడా అలాగే కొనండి. చీకట్లో ముందు తెల్లదీపం, వెనక ఎర్రదీపం తప్పనిసరి.

లుండ్‌కి దగ్గరి విమానాశ్రయం డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌ది. అక్కడ దిగి రైలెక్కితే సముద్రం మీద ఓరెసుండ్ వంతెన దాటి గంటలోపే లుండ్‌లో ఉంటారు.

చెత్త గదిలో మొదటి పాఠం

మా హాస్టల్‌లో పన్నెండు గదులకు ఒక వంటిల్లు. మొదటి వారం నేను తొక్కలూ, పాల డబ్బా, గాజు సీసా ఒకే కవర్లో కట్టి కింద చెత్త గదికి తీసుకెళ్లాను. ఎదురు గదిలో ఉండే ఉత్తర స్వీడన్ అమ్మాయి నన్ను చూసి ఏమీ అనలేదు. కవరు నా చేతిలోంచి తీసుకుని, విప్పి, ఒక్కొక్కటీ తీసి చూపించింది. రంగు గాజు ఒక డబ్బాలో, తెల్లగాజు ఇంకో డబ్బాలో. అట్ట వేరు, కాగితం వేరు, రేకు వేరు, ప్లాస్టిక్ వేరు. తిండి చెత్తకు గోధుమరంగు కాగితం సంచి. దాన్ని అంచుదాకా నింపకూడదు, పైన గీత ఉంటుంది, అక్కడ ఆపి నోరు రెండుసార్లు మడవాలి. తడిసి అడుగు ఊడకుండా ముందు ఒక పాత న్యూస్‌పేపర్ ముక్క వేయాలి. ఇవన్నీ ఆ అమ్మాయి చేతులతో చేసి చూపించింది. ఆ గదిలో వాసన లేదు. నేను లోపలికి వెళ్లగానే గమనించింది అదే.

ఆ తిండి చెత్త బయోగ్యాస్ అవుతుంది. దానితో లుండ్ ఉన్న స్కోనె ప్రాంతంలో బస్సులు నడుస్తాయి. మధ్యాహ్నం మీరు పారేసిన బంగాళాదుంప తొక్క మిమ్మల్ని ఎక్కించుకుని తీసుకెళ్లే బస్సులో ఉందని తెలిస్తే, సంచి నోరు మడవడానికి బద్ధకించరు. ఖాళీ డబ్బాలు, ప్లాస్టిక్ సీసాలు దుకాణంలో మిషన్లో వేస్తే కొన్నప్పుడు అదనంగా కట్టిన డబ్బు వెనక్కి వస్తుంది. దాన్ని పాంత్ అంటారు. డబ్బాలకు 1984 నుంచి ఉంది.

బట్టలు ఉతికే గది అందరికీ కలిపి ఒకటే. ముందు సమయం బుక్ చేసుకోవాలి, మీ గంట అయ్యేసరికి మిషన్ ఖాళీ చేసి, డ్రైయర్ జల్లెడలో పేరుకున్న నూలుపీచు తీసేసి, నేల తుడిచి రావాలి. తర్వాత వచ్చేవాళ్లు ఎవరో మీకు తెలియకపోయినా సరే. పది నిమిషాలు ఆలస్యం చేశారంటే తలుపు మీద చీటీ అంటించి ఉంటుంది. తెలియని మనుషుల మధ్య ఒక వస్తువును పాడవకుండా ఎలా పంచుకుంటారో నాకు ఆ గదిలోనే అర్థమైంది. మీరు వెళ్లగానే మొదటి నెలంతా ఇలాంటి ఏర్పాట్లను గమనించి రాసుకోండి. ఎవరు కడతారు, ఎవరు శుభ్రం చేస్తారు, తప్పు చేస్తే ఏమవుతుంది. మూడు ప్రశ్నలు చాలు.

చీకటి నెలలు

నవంబరు నుంచి జాగ్రత్తగా ఉండాలి. డిసెంబరులో లుండ్‌లో ఉదయం ఎనిమిదిన్నర దాటాక తెల్లవారుతుంది, మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడుతుంది. మొదటి ఏడాది నేను సాయంత్రం నాలుగింటికే పక్కెక్కేదాన్ని, అర్ధరాత్రి మెలకువ వచ్చేది, అన్నం సయించేది కాదు. అమ్మ ఫోన్లో "గొంతు అలా ఉందేంటే" అని అడిగితే జలుబని చెప్పేదాన్ని. అలా దాచకండి. యూనివర్సిటీలో విద్యార్థుల ఆరోగ్య కేంద్రం ఉంటుంది, అక్కడ మాట్లాడొచ్చు. 1177 నంబరుకు ఫోన్ చేస్తే నర్సు సలహా చెప్తారు. ప్రాణం మీదకొస్తే 112.

నన్ను నిలబెట్టింది మా సూపర్‌వైజర్ చెప్పిన ఒక్క నియమం. మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య ఏ పనున్నా వదిలేసి బయట నడువు, మబ్బున్నా సరే. ఆమె తను కూడా అలాగే నడిచేది. విటమిన్ డి గురించి డాక్టర్ని అడగండి, మన ఒంటి రంగుకు అక్కడి ఎండ చాలదు.

లుండ్‌కి దగ్గర్లోని మాల్మో నగరంలో రిబెర్స్‌బోర్గ్ స్నానశాల ఉంది, 1898 నాటిది, సముద్రంలోకి కర్ర వంతెన మీద నడిచి వెళ్లాలి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ విడివిడి భాగాలు. ఆవిరి గదిలో బట్టల్లేకుండా, తువ్వాలు పరుచుకుని కూర్చుంటారు. నాకు మొదటిసారి చాలా సిగ్గేసింది. ఐదు నిమిషాలకు ఎవరూ ఎవర్నీ చూడటం లేదని తెలిసింది. డెబ్భై ఏళ్ల అవ్వలు, కాన్పు మచ్చలున్న తల్లులు, మా వయసు పిల్లలు, అందరూ కిటికీలోంచి సముద్రం చూస్తూ కూర్చుంటారు. జనవరి నీళ్లలోకి మెట్లు దిగితే మోకాళ్ల దగ్గరే ఊపిరి ఆగినట్టవుతుంది. నెమ్మదిగా ఊపిరి వదులుతూ దిగాలి, తల ముంచకూడదు, నిమిషం కంటే ఎక్కువ వద్దు, ఒంటరిగా అస్సలు వద్దు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా దిగొద్దు.

ఏప్రిల్ వచ్చాక అడవులకు వెళ్లండి. అల్లెమన్స్‌రెట్టెన్ అని అందరికీ ప్రకృతిలో తిరిగే హక్కు ఉంది, 1994 నుంచి రాజ్యాంగంలోనూ ఉంది. ఎవరి అడవైనా నడవొచ్చు, బెర్రీలు కోసుకోవచ్చు, ఒక రాత్రి గుడారం వేసుకోవచ్చు. ఇళ్లకు దగ్గరగా వెళ్లకూడదు, పంట తొక్కకూడదు, దేన్నీ పాడుచేయకూడదు.

లుండ్, మాల్మోల మధ్య ఆల్నార్ప్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు 2002లో ఒక తోట పెట్టారు. పని ఒత్తిడితో కుంగిపోయినవాళ్లను అక్కడికి పంపేవారు. విత్తనాలు నాటడం, మట్టి కలపడం, ఏమీ చేయాలనిపించకపోతే ఊరికే కూర్చోవడం, అదే చికిత్స. వెల్‌నెస్ చదవాలనుకునేవాళ్లు ఆ పరిశోధన తప్పక చదవండి.

క్లాసులో

ఒకేసారి ఐదు సబ్జెక్టులుండవు. ఒక కోర్సు కొన్ని వారాలు పూర్తిగా చదివి, ముగించి, తర్వాతది మొదలుపెడతారు. ప్రొఫెసర్లను పేరు పెట్టి పిలవాలి. సార్ అనకుండా ఉండటానికి నాకు నెల పట్టింది. సెమినార్‌లో మాట్లాడకుండా కూర్చుంటే మర్యాద అనుకోరు, చదవకుండా వచ్చావనుకుంటారు. వెళ్లేముందు రాత్రి ఒక ప్రశ్న కాగితం మీద రాసుకుని వెళ్లండి, మొదటి పావుగంటలోనే అడిగేయండి. ఆలస్యమయ్యేకొద్దీ నోరు పెగలదు. గ్రూపు పనిలో అందరూ ఒప్పుకునేదాకా చర్చిస్తూనే ఉంటారు. మొదట్లో విసుగొస్తుంది. ఓర్చుకోండి, అక్కడి ఊళ్లు నడిచేది కూడా అలాగే.

ఔగుస్తెన్‌బోర్గ్‌కు వెళ్లి రండి

నా ప్రశ్నకు జవాబు మాల్మోలోని ఔగుస్తెన్‌బోర్గ్‌లో దొరికింది. 1950 ప్రాంతంలో కట్టిన కార్మికుల కాలనీ. వాన పడితే డ్రైనేజీ పొంగి సెల్లార్లలోకి నీళ్లొచ్చేవి. 1998లో దాన్ని మార్చడం మొదలుపెట్టారు. భూమిలో పెద్ద పైపులు వేయకుండా వాననీటిని పైకి తెచ్చారు. ఇళ్ల పైకప్పుల మీద పచ్చిక, ఇళ్ల మధ్య సన్నని తెరిచిన కాలువలు, కుంటలు, వానలో నిండి తర్వాత ఖాళీ అయ్యే పచ్చికబయళ్లు. బడి ఆవరణలో మెట్లమెట్లుగా కట్టిన చోటు మామూలు రోజుల్లో పిల్లలు కూర్చునే స్థలం, వానరోజున చెరువు.

నేను గొడుగు వేసుకుని వాన పడుతుండగా వెళ్లాను. మీరూ అలాగే వెళ్లండి, ఎండలో వెళ్తే ఏమీ కనబడదు. కాలువ నా జానెడుకు కాస్త ఎక్కువ వెడల్పు. అడుగున గుండ్రని బొడిపెలున్నాయి. నీళ్లు వాటిని చుట్టుకుంటూ, చప్పుడు చేస్తూ, తొందర లేకుండా వెళ్తున్నాయి. ఒక ముసలాయన చీపురుతో కాలువలో ఆకులు తీస్తున్నాడు. మున్సిపాలిటీ మనిషేమో అనుకున్నాను. కాదు, మూడో అంతస్తులో ఉంటాడట. పైపయితే కనబడదు కాబట్టి ఎవరూ పట్టించుకోరని, ఇది తన కిటికీలోంచి కనబడుతుందని చెప్పాడు. మా సింగ్ నగర్ కాలువ మీద పలకలు వేసి మూసేయాలని నేనే ఎన్నోసార్లు అర్జీ రాశాను. ఆయన పక్కన నిలబడి ఆ అర్జీలే గుర్తుచేసుకున్నాను.

2014 ఆగస్టు 31న మాల్మోలో కొన్ని గంటల్లోనే వంద మిల్లీమీటర్లకు పైగా వాన కురిసి ఊరు మునిగింది. ఔగుస్తెన్‌బోర్గ్‌కు చుట్టుపక్కల కాలనీలంత నష్టం జరగలేదు. సరిగ్గా పదేళ్లకు, 2024 ఆగస్టు 31న మా ఊళ్లో వాన మొదలైంది. మర్నాటికి బుడమేరు సింగ్ నగర్ మీదికొచ్చింది. నేను చదువు ముగించుకుని ఇంటికొచ్చి అప్పటికి రెండు నెలలు. మేడ మీద నాలుగు రోజులున్నాం. వీధి కాలువ బాగున్నా ఏరు అంత పొంగితే ఆపలేదని నాకు తెలుసు. అయినా ఏరు తగ్గాక కూడా రోజుల తరబడి నీళ్లు వీధిలో ఎందుకు నిలిచాయన్నది కాలువల ప్రశ్నే.

వీలుంటే కోపెన్‌హేగన్ కూడా చూడండి. 2011 జులై 2న అక్కడ కుంభవృష్టి కురిశాక, మరుసటి ఏడే వాననీటికి నగరమంతటికీ ప్రణాళిక వేశారు. తోసింగె ప్లాస్ అనే చిన్న కూడలి, ఎంగ్‌హేవె పార్కు ఆ పనిలో భాగంగా మారినవే. సరదాగా కూర్చునే చోట్లే నీళ్లు పట్టే చోట్లుగా ఎలా కట్టారో కొలతలతో సహా రాసుకోండి.

తిరిగొచ్చేముందు, వచ్చాక

థీసిస్ అంశాన్ని మీ ఊరి ప్రశ్నకు దగ్గరగా తీసుకోండి. సూపర్‌వైజర్లు ఒప్పుకుంటారు, మీ దగ్గర ఫొటోలు, మ్యాపులు ఉంటే ఇంకా ఇష్టపడతారు. అందుకే వెళ్లేముందే మీ వీధి ఫొటోలు, వార్డు మ్యాపు, పెద్దవాళ్లు చెప్పిన సంగతులు పట్టుకెళ్లండి. గది ఖాళీ చేసేటప్పుడు ఓవెన్ లోపల కూడా తోమాలి, తనిఖీ చేస్తారు. పన్నుల శాఖకు దేశం వదిలి వెళ్తున్నట్టు తెలియజేయండి.

ఇంటికొచ్చిన మొదటి నెలల్లోనే ఏదో ఒకటి మొదలుపెట్టండి. ఎంత చిన్నదైనా సరే. వరద తీశాక నేనూ, మా వీధిలో ఇంటర్ చదివే ముగ్గురు పిల్లలూ టేపు, చాక్‌పీసు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. గోడల మీద నీళ్ల గీత ఆరకముందే ఎత్తు కొలిచి నోట్‌బుక్‌లో రాశాం. 42 ఇళ్లు. మా ఇంట్లో నాలుగడుగుల ఏడంగుళాలు. మూల మీది కిరాణా కొట్టు దగ్గర ఐదున్నర. ఎక్కడ ఎక్కువ నిలిచిందో ఆ పుస్తకం చూస్తే తెలుస్తుంది, అక్కడే కాలువ రెండు ర్యాంపుల కింద నుంచి వెళ్తుంది. కొట్టాయన ఆ లెక్క చూసి తన ర్యాంపు తనే పగలగొట్టి ఇనుప జాలీ వేయించాడు. రెండో ర్యాంపు ఇంటివాళ్లతో ఇంకా మాట్లాడుతున్నాం.